గవర్నమెంట్ ఆఫీసులో ఔట్‌సోర్సింగా, ప్రైవేటులో పర్మనెంటా?

ఈసారి వచ్చిన ఉత్తరాలు చాలావరకు ఉద్యోగం మారడం గురించే. అందులో మూడు తీసుకున్నా. పేర్లు వద్దన్నారు కాబట్టి రాయట్లేదు. నేను ఇరవై ఏళ్ళకి పైగా హెచ్ఆర్‌లో పని చేశా, ఎంతోమంది రాజీనామాలు నా చేతుల మీదుగా వెళ్ళాయి, నేనూ ఇచ్చా, ఒకసారి మాత్రం చాలా తప్పుగా ఇచ్చా, దాని సంగతి మూడో ఉత్తరం దగ్గర చెప్తా.

ప్రశ్న: అక్కా, నాకు 27 ఏళ్ళు, బీకాం చేశా, మాది గుంటూరు. ఒక ప్రైవేటు ఆసుపత్రి బిల్లింగ్ సెక్షన్‌లో నాలుగేళ్ళ మూడు నెలల నుంచి చేస్తున్నా, పర్మనెంటే, 19,000 ఇస్తారు, పీఎఫ్ ఈఎస్ఐ ఉన్నాయి. ఇప్పుడు ఒక గవర్నమెంట్ ఆఫీసులో ఔట్‌సోర్సింగ్ డేటా ఎంట్రీ ఆపరేటర్ ఉందని మా నాన్నగారికి తెలిసినాయన చెప్పాడు, జీతం 18,500, కాకపోతే ఒకటిన్నర లక్ష ఖర్చవుతుందంట. నాన్న ఫ్రెండ్ ఒకాయన అప్పట్లో ఎన్ఎంఆర్‌గా, అంటే మస్టర్ రోల్ మీద టెంపరరీగా చేరి తర్వాత రెగ్యులర్ అయ్యి ఇప్పుడు పెన్షన్ తీసుకుంటున్నారు, అందుకే నాన్న ఎప్పటికైనా పర్మనెంట్ చేస్తారు, సంబంధాలు కూడా బాగా వస్తాయి అంటున్నారు. నాకేం తోచట్లేదు.

జవాబు: అమ్మాయీ, ముందు ఆ ఒకటిన్నర లక్ష సంగతి. ఇవ్వొద్దు. మీ నాన్నగారికి ఈ పేజీ చూపించి మరీ చెప్పు, ఇవ్వొద్దు. ఉద్యోగానికి డబ్బు అడిగేవాడు రసీదు ఇవ్వడు, రేపు ఉద్యోగం రాకపోయినా, వచ్చి ఆర్నెల్లకి తీసేసినా ఎవరి మీద కేసు పెడతారు, ఇచ్చినట్టు ఒప్పుకుంటే మీదీ తప్పే అంటారు. ఇలా పుస్తెలు తాకట్టు పెట్టి ఇచ్చి తర్వాత ఏడుస్తూ నాకు ఉత్తరాలు రాసినవాళ్ళు ఉన్నారమ్మా, చదివి ఏం చెయ్యాలో తెలీక కూర్చున్నా. పైగా లెక్క వేసుకో, ఇప్పటి జీతం కంటే నెలకి 500 తక్కువ వచ్చే ఉద్యోగానికి ఎనిమిది నెలల జీతం ఎదురు కట్టి వెళ్తావా?

ఇక మీ నాన్నగారి నమ్మకం. అది ఊరికే వచ్చింది కాదు, ఆయన కళ్ళతో చూసిందే. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1994లో ఒక చట్టం వచ్చింది, యాక్ట్ 2 ఆఫ్ 1994 అంటారు, ఇకముందు దొడ్డిదారి నియామకాలు వద్దు అని చేసిన చట్టం అది, దాంతోపాటు 212 నంబరు జీవో ఇచ్చి 1993 నవంబర్ 25 నాటికి ఐదేళ్ళు నిండిన ఎన్ఎంఆర్‌లని, డైలీవేజ్ వాళ్ళని ఖాళీలు ఉన్నచోట రెగ్యులర్ చేశారు. ఆయన ఫ్రెండ్ ఆ బ్యాచ్‌లోనే గట్టెక్కి ఉంటారు. పాత పెన్షన్ కూడా అప్పటివాళ్ళకే, 2004 సెప్టెంబర్ 1 నుంచి చేరిన రెగ్యులర్ ఉద్యోగులే సీపీఎస్‌లో, అంటే జీతంలోంచి వాటా కట్టే పెన్షన్ పథకంలో ఉన్నారు, ఆ పెన్షన్ వాళ్ళకే లేదు. అంటే ఆయన చెప్పేది నిజమే కానీ ఆ తలుపు మూసి ముప్పై ఏళ్ళు దాటింది.

ఆ తర్వాత 2006 ఏప్రిల్ 10న ఉమాదేవి కేసులో సుప్రీంకోర్టు ఐదుగురు జడ్జీల బెంచ్ తేల్చి చెప్పింది, పోటీ పద్ధతిలో కాకుండా టెంపరరీగా చేరినవాళ్ళకి ఎన్నేళ్ళు చేసినా పర్మనెంట్ చెయ్యమని అడిగే హక్కు రాదు అని. అప్పటికే మంజూరైన పోస్టుల్లో పదేళ్ళు దాటినవాళ్ళ కోసం మాత్రం ఒక్కసారికి చూడమంది. మరి తెలంగాణలో చేశారు కదా అంటారు, అవును, 2023లో 5,544 మందిని రెగ్యులర్ చేశారు, ఆంధ్రాలోనూ అదే ఏడు 2014 జూన్ 2కి ముందు చేరినవాళ్ళ కోసం చట్టం చేశారు. కానీ గమనించు, వాళ్ళంతా కాంట్రాక్ట్ వాళ్ళు, డిపార్ట్‌మెంటే నేరుగా అగ్రిమెంట్ రాసుకున్నవాళ్ళు. ఔట్‌సోర్సింగ్ అంటే వేరు, నువ్వు కూర్చునేది గవర్నమెంట్ ఆఫీసులో, నీ యజమాని మాత్రం మధ్యలో ఉన్న ఏజెన్సీ, మన దగ్గర 2020 నుంచి చాలావరకు ప్రభుత్వమే పెట్టిన ఆప్కాస్ అనే సంస్థ. బయట అందరూ రెండూ ఒకటే అనుకుంటారు, ఆర్డర్ కాగితం మీద మాత్రం ఒకటి కాదు.

కోర్టులు అసలు కనికరించట్లేదా అంటే అలా కూడా కాదు. కేంద్ర జల సంఘం ఆఫీసులో పార్ట్‌టైం అని పెట్టుకుని ఏళ్ళ తరబడి ఊడ్పించుకున్న ఆడవాళ్ళని 2018లో తీసేస్తే, 2024 డిసెంబర్‌లో సుప్రీంకోర్టు వాళ్ళని రెగ్యులర్ చెయ్యమంది. చదివినప్పుడు నాకు కళ్ళు చెమర్చాయి, కానీ ఆ కాగితం కోసం వాళ్ళు ఎన్నేళ్ళు కోర్టుల చుట్టూ తిరిగారో కూడా చూడు. అది హక్కు కోసం పోరాటం చేసినవాళ్ళ కథ, నువ్వు ఆ పోరాటాన్ని ముందే ప్లాన్‌గా పెట్టుకుని చేరకూడదు కదా.

నీ చేతిలో ఉన్నది కూడా లెక్కపెట్టుకో. ఐదేళ్ళు నిండితే గ్రాట్యుటీ వస్తుంది, చివరి బేసిక్, డీఏ కలిపిన మొత్తాన్ని 26తో భాగించి 15తో గుణిస్తే ఏడాదికి ఇచ్చేది, నీ బేసిక్ 11,000 అనుకుంటే ఐదేళ్ళకి దాదాపు 31,700. నీకింకా తొమ్మిది నెలలే ఉంది. నాలుగేళ్ళ 240 రోజులు చాలని మద్రాసు హైకోర్టు చెప్పింది గానీ మీ ఆసుపత్రి వాళ్ళు దానికి ఒప్పుకుంటారని నమ్మకం పెట్టుకోకు, ఐదు నిండనీ. ఈ తొమ్మిది నెలలు పొద్దున్నే గంటన్నర పుస్తకం పట్టుకుని బ్యాంకుకో గ్రూప్స్‌కో చదువు, గవర్నమెంట్ ఉద్యోగం అంత ఇష్టమైతే ముందు గుమ్మం నుంచే వెళ్ళు, బీకాం చేసి బిల్లింగ్ చేస్తున్నావు కదా, ఇన్సూరెన్స్ క్లెయిమ్‌ల పని కూడా నేర్చుకుంటే పెద్ద ఆసుపత్రుల్లో నీకు జీతం పెరుగుతుంది.

సంబంధాల విషయం. గవర్నమెంట్ ఆఫీసులో చేస్తుంది అని చెప్పి పెళ్ళి చేసి, తర్వాత ఔట్‌సోర్సింగ్ అని తెలిసి దెప్పిపొడుపులు పడ్డ పిల్లలు నాకు తెలుసు. ఉన్నది ఉన్నట్టు చెప్పి చేసుకుంటేనే తలెత్తుకుని ఉంటావు.

ప్రశ్న: మేడమ్, హైదరాబాద్‌లో ఐటీ సర్వీసెస్ కంపెనీలో ఆరేళ్ళుగా పర్మనెంట్‌గా చేస్తున్నా, వయసు 31, ప్యాకేజీ 14 లక్షలు. రెండేళ్ళుగా అదే సపోర్ట్ ప్రాజెక్ట్, నేర్చుకునేది ఏమీ లేదు. ఇప్పుడొక పెద్ద ప్రొడక్ట్ కంపెనీలో పని, కానీ థర్డ్ పార్టీ పేరోల్ మీద, అంటే మధ్యలో ఒక ఏజెన్సీ ఉద్యోగిగా, 12 నెలల కాంట్రాక్ట్, 22 లక్షలు ఇస్తామంటున్నారు, బాగా చేస్తే పర్మనెంట్‌గా కన్వర్ట్ చేస్తామని నోటితో చెప్పారు. హోమ్ లోన్ ఈఎంఐ 38,000. నా భార్యకి ఇంకో నాలుగు నెలల్లో డెలివరీ. మా నోటీసు పీరియడ్ 90 రోజులు. మామయ్యగారు పర్మనెంట్ వదిలి కాంట్రాక్ట్‌కి వెళ్ళడమేంటి, మతి పోయిందా అంటున్నారు.

జవాబు: పైన ఆ అమ్మాయికి టెంపరరీ వద్దని ఇంత రాసి, మీకు మాత్రం వెళ్ళమనే చెప్తున్నా, కాకపోతే ఇప్పుడు కాదు.

ఎందుకు వెళ్ళమంటున్నానంటే, పర్మనెంట్ అనే మాట ప్రైవేటులో నోటీసు పీరియడ్ ఎంతో అంతే. మీది 90 రోజుల పర్మనెంట్, అది అందరికీ తెలుసు కానీ ఇంట్లో ఎవరూ పైకి అనరు. రెండేళ్ళుగా ఏమీ నేర్చుకోకుండా 33కి వచ్చారనుకోండి, అప్పుడు లేఆఫ్ వస్తే మీ రెజ్యూమె మీద ఏం రాస్తారు? కాంట్రాక్ట్‌లో పన్నెండు నెలలు మంచి పని చేస్తే ఆ పని మీది, కన్వర్ట్ చేసినా చెయ్యకపోయినా మీతో వస్తుంది. చేరేముందు నేను ఎవరినైనా అడిగేది ఒకటే, ఈ ఉద్యోగం పోయిన రోజున నా చేతిలో ఏం మిగులుతుంది అని. ఆ అమ్మాయికి ఏమీ మిగలదు, మీకు మిగులుతుంది, అంతే తేడా.

ఇక ఇప్పుడెందుకు వద్దంటే, డెలివరీ. ఇవాళ రిజైన్ చేస్తే 90 రోజులకి మీ లాస్ట్ వర్కింగ్ డే, డెలివరీకి సరిగ్గా నెల ముందు. ఆ రోజుతో కంపెనీ గ్రూప్ ఇన్సూరెన్స్ ఆగిపోతుంది, మీకూ మీ భార్యకీ కూడా. సొంత పాలసీ తీసుకుంటే అన్నారనుకోండి, మెటర్నిటీకి చాలా పాలసీల్లో రెండేళ్ళ నుంచి నాలుగేళ్ళు వెయిటింగ్ ఉంటుంది, పైగా ఇప్పటికే గర్భం ఉంటే కవర్ చెయ్యరు. సిజేరియన్ అయినా, బాబు నాలుగు రోజులు ఎన్ఐసీయూలో ఉండాల్సి వచ్చినా బిల్లు ఎంతవుతుందో హైదరాబాద్‌లో ఉన్నవాళ్ళకి నేను చెప్పక్కర్లేదు. కాబట్టి ఆ ఏజెన్సీని ఇవాళే మెయిల్‌లో అడగండి, మీ గ్రూప్ పాలసీలో భార్య డెలివరీకి మొదటిరోజు నుంచే కవర్ ఉందా, పుట్టిన బిడ్డకి ఉందా, పాలసీ కాపీ పంపండి అని. ఉందని కాగితం వస్తే ముందుకి వెళ్ళండి. లేకపోతే ఇంకో ఆరు వారాలాగి రిజైన్ చేస్తాను, ఆ లెక్కన జాయినింగ్ ఇవ్వండి అనండి, కాంట్రాక్ట్ వాళ్ళు అంత కాలం ఆగడం కష్టం, ఆగకపోతే వదిలెయ్యండి. మీ దగ్గర ఉన్న స్కిల్‌కి 22 లక్షలిచ్చేవాడు ఒక్కడే ఉండడు, బిడ్డ ఇంటికొచ్చాక మళ్ళీ వెతుక్కోవచ్చు.

ఇంకొన్ని అడగాల్సినవి ఉన్నాయి, సిగ్గుపడకుండా అడగండి. ఆ 22 లక్షలు జీతంగా ఇస్తారా, ప్రొఫెషనల్ ఫీజుగా ఇస్తారా? ఫీజు అంటే 10 శాతం టీడీఎస్ కోసి ఇచ్చేస్తారు, పీఎఫ్ ఉండదు, గ్రాట్యుటీ ఉండదు, సెలవు పెడితే ఆ రోజు డబ్బు ఉండదు, అప్పుడది 22 కాదు. ఎంతమంది ఆ అంకె చూసి మోసపోతారో. క్లయింట్ మధ్యలో ఆపేస్తే ఎన్ని రోజుల నోటీసు ఇస్తారు, 15 రోజులే అయితే మీ దగ్గర కనీసం ఆరు ఈఎంఐలు, ఇంటి ఖర్చు పక్కన ఉండాలి, అంటే ఒక్క ఈఎంఐల కిందే 2,28,000. ఇంకోటి, 2025 నవంబర్ 21 నుంచి కొత్త లేబర్ కోడ్‌లు అమల్లోకి వచ్చాయి కదా, వాటిలో ఫిక్స్‌డ్ టర్మ్, అంటే ఇంతకాలమని గడువు రాసి తీసుకున్న ఉద్యోగికి పర్మనెంట్ వాళ్ళతో సమానంగా సౌకర్యాలు ఇవ్వాలి, ఏడాది చేస్తే గ్రాట్యుటీ ఇవ్వాలి అని ఉంది. కాబట్టి మీ ఆర్డర్‌లో ఫిక్స్‌డ్ టర్మ్ ఎంప్లాయిమెంట్ అని రాస్తారా, ఇంకేదో కన్సల్టెంట్ అని రాస్తారా చూడండి, ఆ ఒక్క ముక్కతో చాలా మారుతుంది. కన్వర్షన్ గురించి నోటితో చెప్పింది లెక్కలోకి తీసుకోకండి, వస్తే సంతోషం.

మీ పాత పీఎఫ్ తియ్యొద్దు, అదే యూఏఎన్ (మీ పీఎఫ్ నంబరు) కింద ట్రాన్స్‌ఫర్ చేసుకోండి. పన్ను పడకుండా పీఎఫ్ తీసుకోవడానికి కావాల్సిన ఐదేళ్ళ లెక్కకి రెండు కంపెనీల సర్వీసు కలుస్తుంది, పెన్షన్‌కి కావాల్సిన పదేళ్ళకి కూడా అంతే. ఆరేళ్ళు చేశారు కాబట్టి గ్రాట్యుటీ మీ హక్కు, ఫైనల్ సెటిల్‌మెంట్‌లో అది వచ్చిందో లేదో చూసి సంతకం పెట్టండి. రిజైన్ చేశాక మీ మేనేజర్ పిలిచి జీతం పెంచుతాం ఉండిపో అంటారు, రెండు రోజులు టైమ్ తీసుకోండి కానీ మీరు వెళ్తున్నది డబ్బు కోసం కాదు పని కోసం అని గుర్తుంటే జవాబు మీకే తెలుస్తుంది. మామయ్యగారితో వాదన వద్దు, కవర్ ఉన్న పాలసీ కాగితం, బ్యాంకులో ఆర్నెల్ల ఈఎంఐ చూపించండి, ఆయన భయం కూతురి గురించే కదా.

ప్రశ్న: అమ్మా, నేను కరీంనగర్‌లో ఒక ప్రైవేటు జూనియర్ కాలేజీలో మ్యాథ్స్ చెప్తా, మూడేళ్ళయింది. జాయిన్ అయినప్పుడే ఇంటర్ మెమో, డిగ్రీ, పీజీ, బీఈడీ ఒరిజినల్స్ అన్నీ తీసుకున్నరు. ఇప్పుడు గురుకులంలో రెగ్యులర్ పోస్టుకి సెలక్షన్ వచ్చింది, సర్టిఫికెట్ వెరిఫికేషన్‌కి ఒరిజినల్స్ కావాలె. ప్రిన్సిపల్ సార్‌ని అడిగితే అకడమిక్ ఇయర్ మధ్యలో పోతే ఇయ్యం, రెండు నెలల జీతం కట్టాలె అంటున్నరు, అగ్రిమెంట్‌ల అట్లనే ఉంది, నేను సంతకం పెట్టిన. నా ఫ్రెండ్స్ ఏమో పోయినయని పోలీస్ కంప్లైంట్ ఇచ్చి డూప్లికేట్ తీసుకో, కాలేజీకి చెప్పకుండ పోవుడు బంద్ చెయ్యి అంటున్నరు. భయమైతుంది.

జవాబు: ముందు అభినందనలు తల్లీ, ఉద్యోగం చేస్తూ చదివి గురుకులం పోస్టు కొట్టడం చిన్న విషయం కాదు. ఈ సంతోషంలో ఒక్క తప్పు అడుగు కూడా పడకూడదు, అందుకే మెల్లగా చదువు.

పోలీస్ కంప్లైంట్ సలహా ఇచ్చినవాళ్ళ మాట అస్సలు వినకు. సర్టిఫికెట్లు ఎక్కడున్నాయో నీకు తెలుసు, పోయాయని రాసిస్తే అది తప్పుడు ఫిర్యాదు, రేపు గవర్నమెంట్ ఉద్యోగంలో చేరేటప్పుడు నీ పేరు మీద అలాంటిది ఒక్కటి బయటపడితే వచ్చిన పోస్టే పోతుంది. చెప్పకుండా మానెయ్యడం కూడా వద్దు. ఎందుకంటే...

నేను ముందు చెప్తానన్నది ఇదే. 2003లో ఒక కంపెనీలో చేసేదాన్ని, మేనేజర్‌తో పడలేదు, ఒక శుక్రవారం నాలుగు పేజీల ఉత్తరం రాసి, అందులో ఆయన చేసినవన్నీ ఏకరువు పెట్టి, టేబుల్ మీద పడేసి వచ్చేశా. ఆ రోజు రాత్రి ఎంత హాయిగా నిద్రపోయానో. రెండేళ్ళ తర్వాత నాకు నిజంగా కావాలనుకున్న ఉద్యోగం వచ్చింది, వాళ్ళు పాత కంపెనీ రిలీవింగ్ లెటర్ అడిగారు. మళ్ళీ ఆ ఆఫీసుకే వెళ్ళి రిసెప్షన్‌లో కూర్చున్నా, ఆ మేనేజర్ వెళ్ళిపోయాడు, నా గురించి తెలిసినవాళ్ళు లేరు, ఫైల్లో మాత్రం ఆ నాలుగు పేజీలు భద్రంగా ఉన్నాయి. ఆరు వారాలు తిరిగితే లెటర్ వచ్చింది, అప్పటికి ఆ ఉద్యోగం ఇంకొకళ్ళకి ఇచ్చేశారు. అప్పట్లో యూఏఎన్ లేదు, పీఎఫ్ ట్రాన్స్‌ఫర్‌కి కూడా పాత కంపెనీ సంతకమే కావాలి, దానికి ఇంకో ఏడాది పట్టింది. ఆయన చేసింది తప్పే, ఇప్పటికీ తప్పే అంటా, కానీ దాని ఖరీదు కట్టింది నేను. ఆ తర్వాత నా దగ్గరికి కోపంగా రాజీనామా తెచ్చిన ప్రతివాళ్ళనీ ఒక రాత్రి దగ్గర పెట్టుకుని రేపు ఇవ్వమని పంపేదాన్ని.

ఇక నీ సంగతి. రెండు విషయాలు కలిపేసి నిన్ను భయపెడుతున్నారు, విడదీసి చూడు. డబ్బు వేరు, సర్టిఫికెట్లు వేరు. అగ్రిమెంట్‌లో మధ్యలో వెళ్తే రెండు నెలల జీతం అని ఉండి నువ్వు సంతకం పెట్టావు కాబట్టి వాళ్ళు అడగొచ్చు, 2025 మేలో ఒక బ్యాంకు ఉద్యోగి కేసులో మూడేళ్ళు నిండకుండా వెళ్తే రెండు లక్షలు కట్టాలన్న షరతు చెల్లుతుందని సుప్రీంకోర్టు చెప్పింది, అందుకని బాండ్‌లన్నీ ఉత్తివే అని ఎవరైనా అంటే నమ్మకు. బతిమాలితే ఒక నెలకి తగ్గిస్తారేమో అడుగు, లేకపోతే కట్టెయ్, రెగ్యులర్ పోస్టు ముందు అది పెద్ద నష్టం కాదు, క్యాష్ మాత్రం ఇవ్వకు, బ్యాంకు నుంచి పంపి రసీదు తీసుకో. కానీ సర్టిఫికెట్లు తాకట్టు వస్తువులు కావు. డబ్బు రావాల్సి ఉంటే డబ్బు కోసం అడగాలి, నీ పదేళ్ళ చదువుని బీరువాలో పెట్టి తాళం వెయ్యడానికి వాళ్ళకి ఏ హక్కూ లేదు. మన రెండు రాష్ట్రాల్లో ఎన్ని ప్రైవేటు కాలేజీలు ఈ పని చేస్తున్నాయో తలుచుకుంటే నాకు కడుపు మండుతుంది, టీచర్లని నమ్మనివాళ్ళు పిల్లలకి ఏం నేర్పిస్తారు?

ప్రిన్సిపల్ గారిని ఒంటరిగా ఉన్నప్పుడు కలువు, స్టాఫ్ రూమ్‌లో ఎవరికీ తెలియకముందే, వాట్సాప్ గ్రూపుల్లో అభినందనలు మొదలవ్వకముందే. సెలక్షన్ లెటర్ చూపించు. నిలబడి చెప్పాల్సింది ఇంతే, "సార్, రెగ్యులర్ పోస్టు వచ్చింది, మూడేళ్ళు మీరు అవకాశం ఇచ్చారు, సిలబస్ ఎక్కడిదాకా అయిందో రాసి ఇస్తా, కొత్తవాళ్ళు వచ్చేదాకా ఆదివారాలు వచ్చి డౌట్స్ చెప్తా, నాకు ఒరిజినల్స్ మాత్రం వెరిఫికేషన్‌కి కావాలి." కాలేజీ గురించి, జీతం ఆలస్యాల గురించి, ఎవరి గురించీ ఒక్క మాట వద్దు. ఆదివారం మాట నీకు నిజంగా వీలైతేనే అను, అని మానేస్తే ఇంకా చెడ్డ.

అదే రోజు కాగితం మీద ఇవ్వు, మెయిల్ కూడా పెట్టు. నాలుగు లైన్లు చాలు: "నేను ఫలానా తేదీ నుంచి గణితం లెక్చరర్‌గా పనిచేస్తున్నాను. ప్రభుత్వ ఉద్యోగానికి ఎంపికైనందున రాజీనామా చేస్తున్నాను. నా చివరి పనిదినం ఫలానా తేదీ. చేరినప్పుడు ఇచ్చిన ఈ కింది ఒరిజినల్ సర్టిఫికెట్లు తిరిగి ఇప్పించి, రిలీవింగ్ లెటర్, ఎక్స్‌పీరియన్స్ సర్టిఫికెట్ ఇవ్వవలసిందిగా కోరుతున్నాను." కింద ఒక్కో సర్టిఫికెట్ పేరు, హాల్ టికెట్ నంబరు, సంవత్సరం. రెండు కాపీలు, ఒకదాని మీద ఆఫీసు ముద్ర వేయించుకుని ఇంటికి తెచ్చుకో. కారణం ఒక్క ముక్క రాస్తే చాలు, నాలా నాలుగు పేజీలు రాయకు.

వారంలో ఇవ్వకపోతే అదే ఉత్తరం స్పీడ్ పోస్టులో పంపి, కాపీ పట్టుకుని జిల్లా ఇంటర్మీడియట్ అధికారి ఆఫీసుకి వెళ్ళు. చాలాచోట్ల అంతదాకా వెళ్ళాల్సిన పని పడదు, ముద్ర వేసిన కాగితం చూడగానే మెత్తబడతారు. ఈలోపు డిజిలాకర్‌లో ఏవేవి దొరుకుతాయో డౌన్‌లోడ్ చేసుకో, వెరిఫికేషన్ దగ్గర అధికారికి ఉన్నది ఉన్నట్టు చెప్పి, ఒరిజినల్స్ ఫలానా చోట ఉన్నాయి, ఇదిగో నా లెటర్, గడువు ఇవ్వండి అని రాతపూర్వకంగా అడుగు. ఒప్పుకుంటారో లేదో వాళ్ళిష్టం, అందుకే ఇవాళే మొదలుపెట్టమంటున్నా.

కొత్త వేతన కోడ్‌లో రాజీనామా చేసినవాళ్ళ లెక్క రెండు పనిదినాల్లో తేల్చాలని ఉంది, చాలాచోట్ల ఇంకా నెల, నెలన్నర పాత అలవాటే నడుస్తోంది. అయినా ఆ మాట నీకు తెలుసని తెలిస్తే చాలు, అకౌంట్స్‌లో మర్యాదగా అడుగు.

పిల్లల మార్కుల రిజిస్టర్, జవాబు పత్రాలు, బీరువా తాళం, ఏమున్నా లిస్టు రాసి అప్పజెప్పి సంతకం తీసుకో, ఫోటో తీసి పెట్టుకో. సెకండియర్ పిల్లలకి పరీక్షల ముందు వెళ్ళిపోతున్నానని బాధ ఉంటుంది నీకు, ఉత్తరంలో రాయకపోయినా తెలుస్తోంది, ఒక పీరియడ్ అడిగి తీసుకుని వాళ్ళకి నువ్వే చెప్పు, ఇంకెవరో చెప్పేకంటే అది నయం.

ఒరిజినల్స్ చేతికి రాగానే నాకు ఒక కార్డు ముక్క రాయి తల్లీ, ఎదురుచూస్తుంటా.